తాలుకూ రేటుంది

చెప్పులు గట్టు మీదే విడిచి రండి. కల్లంలోకి చెప్పులతో దిగితే నానమ్మ ఊరుకోదు. కాయ నలిగితే గింజ రాలుతుంది, గింజ రాలితే తూకం పోతుందని ఆమె లెక్క. ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకోండి. కాసేపు తుమ్ములు తప్పవు, ఆ తర్వాత ముక్కే సర్దుకుంటుంది.

మహబూబాబాద్ జిల్లాలో, డోర్నకల్ జంక్షన్‌కి ఆటోలో పోయేంత దూరంలో ఉన్న ఒక ఊరి చివర నిలబడ్డారు మీరు. మార్చి నెల, సాయంత్రం నాలుగు దాటింది. ఎండ తగ్గలేదు గానీ గాలి మాత్రం ఆగిపోయింది. ఎదురుగా పరదాల మీద తేజ రకం మిర్చి ఎర్రగా పరిచి ఉంది. వారం నుంచి ఎండుతోంది, ఇంకో నాలుగైదు రోజులు ఎండాలి. గుప్పెట్లో పట్టి ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడు గోతాలకెత్తి ఖమ్మం మార్కెట్‌కి తోలతారు.

కల్లం అంచున చిన్న పందిరి నీడలో నానమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ముందు పెద్ద కుప్ప, ఎడమ పక్కన చిన్నది. మాట్లాడుతున్నా, తల తిప్పి మిమ్మల్ని పలకరిస్తున్నా ఆమె వేళ్ళు ఆగవు. తెల్లగా పాలిపోయిన కాయ, మచ్చ పడ్డ కాయ ఎడమ కుప్పలోకి వెళ్ళిపోతుంటాయి. అది తాలు. పక్కన మనవరాలు కూడా అదే పనిలో ఉంది. ఏడో తరగతి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నం అన్నం తిన్నప్పటినుంచి ఇక్కడే.

ఐదేళ్ళ మనవడు కుప్పలో చెయ్యిపెట్టి ఆడి, ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాడు. ఒక్కటే కేక.

నానమ్మ చటుక్కున లేచింది, కానీ చేతులు మాత్రం వెనక్కి పెట్టుకుంది. "ముట్టను బిడ్డా, నా చేతులనిండా మంటనే" అంటూ వాణ్ణి మోకాళ్ళ మధ్యకు లాక్కుంది. మనవరాలు చెంబుతో కంట్లో నీళ్ళు కొడుతుంటే, నానమ్మ మోచేతి పైభాగంతో వాడి చెంపలు తుడిచింది. కంటి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది. వాడు వెక్కుతూ వెక్కుతూ ఆమె ఒళ్ళోనే తల పెట్టాడు. అప్పుడు కూడా ఆమె అరచేతులు గాల్లోనే ఉన్నాయి.

ఇక్కడ కథ ఆపేసి ఒక ప్రసంగం చెయ్యొచ్చు. దేవుడు కూడా ఇలాగే మనల్ని ముట్టుకోకుండానే ముట్టుకుంటాడనో, మన చేతులకంటిన పాపం ఎదుటివాడి కంట్లో పడుతుందనో. క్రైస్తవ పత్రికల్లో ఇలాంటివి నెలకి పదైనా వస్తాయి. మాడిన అన్నంలో ఒక పాఠం, తెగిన చెప్పులో ఒక పాఠం. నాకవి పెద్దగా రుచించవు. పాఠం కోసమే పిల్లవాడి కన్ను మండినట్టు ఉంటుంది అక్కడ. నానమ్మ అయితే ఏ పాఠమూ చెప్పలేదు. వాడు ఊరుకోగానే మళ్ళీ తాలు ఏరడంలో పడింది.

"నానమ్మా, రాత్రికి నేనే చదవాలంట," అంది మనవరాలు.

లెంటు దినాలు ఇవి. భస్మ బుధవారం దాటిన దగ్గర్నుంచి ఈస్టరు వరకూ వాడలో వంతులవారీగా ఒక్కో ఇంట్లో సాయంత్రం కూడిక జరుగుతుంది. ఈ రోజు వంతు వీళ్ళది. ఏడున్నరకి పాస్టరు అయ్యగారు వస్తారు. ఆయన కింద ఇంకొన్ని ఊళ్ళున్నాయి, బండి మీద తిరుగుతుంటారు. అందుకే వస్తారన్న టైముకి అరగంట కలుపుకుని శనగ గుడాలు ఉడకబెడతారు ఇక్కడ.

"సదువు. లూకా సువార్త కదా. అంజూరపు చెట్టు."

నానమ్మకి అక్షరాలు రావు. కానీ ఏ సువార్తలో ఏది ఎక్కడుందో చెవితో తెలుసు.

మనవరాలి చూపు గట్టు అవతలికి పోయింది. అక్కడా ఒక కల్లం ఉంది, ఖాళీది. వాళ్ళ చిన్నాయనది. ఆయన పంట పోయిన వారమే అమ్మేశాడు. వానాకాలం నుంచి ఈ రెండు కల్లాల మధ్య మాటల్లేవు. అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు. మోటారు కాలిపోతే వైండింగుకి పెద్దాయన, అంటే ఈ పిల్ల తండ్రి, డబ్బు కట్టాడు. సగం ఇస్తానన్న చిన్నాయన ఇవ్వలేదు. ఇవ్వలేదా, ఇవ్వలేకపోయాడా అన్నది వాడలో ఎవర్నడిగినా రెండు రకాలుగా చెబుతారు. అసలు సంగతి ఇంకా వెనక ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి పూతని పూతగానే మాడ్చేసింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చేలకు చేలే దున్నేసుకున్నారు. ఈ ఇంట్లో సొంత పొలం ఎకరంన్నర, మిగతాది కౌలు. కౌలు రైతుకి పంట పోయినా కౌలు పోదు. అప్పుడు మొదలైన అప్పు వడ్డీతో సహా ఇప్పటికీ ఇద్దరి నెత్తిమీదా ఉంది. మోటారు పైకి కనబడే సాకు మాత్రమే.

"మన ముత్తాత తలమీద చెయ్యి పెట్టుకున్నది చెప్పు," అంది మనవరాలు. ఆదివారపు బడిలో చెప్పాలట. అది ముత్తాత కథ కాదు, నానమ్మ వాళ్ళ తాత కథ. నానమ్మ సరిదిద్దలేదు.

కథలోకి వెళ్ళేముందు కొంచెం వివరం. 1909లో తిరునెల్వేలి నుంచి వి.ఎస్. అజరయ్య అనే తమిళుడు సువార్త పనికోసం డోర్నకల్ వచ్చాడు. భాష కొత్త, ఊరు కొత్త. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని బిషప్పుగా ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఎద్దుల బండి మీద పల్లెలు తిరిగేవాడు. 1939లో ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌ని మీరు చూసి ఉండకపోతే చూడండి. గుమ్మటాలు మసీదుని, లోపలి స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. ఈ నేల మీద పుట్టిన చర్చి ఈ నేలలాగే కనబడాలన్నది ఆయన పట్టుదల. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత తమ తలమీద తామే చెయ్యి పెట్టించి, సువార్త నలుగురికీ చెప్పకపోతే నాకే చేటు అని పలికించేవాడు.

నానమ్మ చెప్పే తీరు వేరు. "మా తాత చెయ్యి ఊరి బాయి గిలక మీద పెట్టనియ్యలే ఎన్నడూ. చెయ్యి ఎక్కడ పెట్టినా మైలనే. గట్లాంటోన్ని, నీ చెయ్యి నీ తలకాయ మీద పెట్టుకో అన్నడంట అయ్యగారు. తాత మస్తు ఏడ్చిండంట."

మనవరాలు తన చెయ్యి ఎత్తబోయింది. "ఆగు, కారం," అంది నానమ్మ.

ఐదు దాటాక ఇంట్లోకి వెళ్దాం. కల్లానికి ఆనుకునే ఇల్లు. రెండు గదులు, ముందు రేకుల పంచ. కోడలు పొయ్యి దగ్గర ఉంది. శనగలు ఉడుకుతున్నాయి. బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. కడగబోయేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి గోడ మూలనున్న పాత డబ్బాలో వేసింది. ప్రార్థన లేదు, కళ్ళు మూసుకోవడం లేదు. చెయ్యి అలవాటుగా వెళ్ళొచ్చింది. నెలాఖరుకి ఆ డబ్బా చర్చికి పోతుంది. పేదవాళ్ళు కూడా ఇవ్వడం నేర్చుకోవాలని అజరయ్య గట్టిగా చెప్పేవాడు. ఇచ్చేవాడు ఎవరికీ బిచ్చగాడు కాడన్నది ఆయన చూసిన కోణం. ఈ పిడికెడు బియ్యం ఆ కాలం నుంచి వస్తున్నదే. నల్ల తామర వచ్చిన ఏడాది కూడా పిడికెడు మానలేదట. "అప్పుడు మా పిడికిలి జర చిన్నగైంది," అని నవ్వింది కోడలు. ఇలాంటి నిజం చర్చి లెక్కల పుస్తకంలో దొరకదు.

బయట వెలుతురు మారింది.

పడమర దిక్కున మబ్బు లేచింది. ఇంతసేపూ ఆగిన గాలి ఒక్కసారిగా దుమ్ము ఎత్తుకుని వచ్చింది. "కాయ!" అని అరుచుకుంటూ పెద్దాయన దొడ్డి వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. మీరూ రండి, ఇప్పుడు చూస్తూ నిలబడే వేళ కాదు. ఆరిన మిర్చి మీద వాన పడితే కాయ మెత్తబడి నల్లబడుతుంది, బూజు పడుతుంది, రంగు పోతే ధర పోతుంది. ఏడాది కష్టం పావుగంటలో పోయే పంట ఇది.

పరదాల అంచులు పట్టుకుని లోపలికి లాగాలి. కాయంతా మధ్యకు చేరాక కుప్ప చేసి, పైన ఇంకో పరదా కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టాలి. కోడలు పొయ్యి వదిలేసి వచ్చింది. మనవరాలు చీపురుతో నెడుతోంది. నానమ్మ తాలు కుప్పని గంపలోకి ఎత్తుతోంది. "తాలు పోతే పోనీ అవ్వా, ఇటు రా!" అని కేకేశాడు కొడుకు. ఆమె వినలేదు. ఆ గంపని పందిరి కిందికి చేర్చాకే కదిలింది.

రెండు కుప్పలయ్యాయి. కప్పడానికి పరదా ఒకటే ఉంది. పెద్దాయన అటూ ఇటూ చూశాడు. చినుకు మొదలైంది.

గట్టు మీంచి ఎవరో దూకిన చప్పుడు. చిన్నాయన. భుజం మీద మడత పెట్టిన నీలం పరదా. ఆయన కల్లం ఖాళీ కదా, ఇంట్లో ఊరికే పడుంది అది. ఎవరివైపూ చూడకుండా రెండో కుప్ప మీద విసిరి పరిచాడు. గాలికి ఒక కొస లేచింది.

"ఆ మూలకు రాయి పెట్టు," అన్నాడు. ఎవరితోనో తెలీదు. వానాకాలం తర్వాత ఆయన నోట్లోంచి ఈ కల్లంలో పడిన మొదటి మాట అది.

పెద్దాయన రాయి పెట్టాడు.

వాన దంచికొట్టింది. మీ చొక్కా తడిసి వీపుకి అంటుకుంది, కళ్ళలో కారపు నీళ్ళు. పరదా నాలుగు అంచులూ నలుగురు తొక్కిపట్టుకుని నిలబడ్డారు. అన్న ఒక కొసన, తమ్ముడు ఎదురు కొసన. ఎక్కువసేపు పడలేదు. ఎంత గబుక్కున వచ్చిందో అంత గబుక్కున పోయింది. వాన ఆగగానే చిన్నాయన పరదా మీది నీళ్ళు ఒంపేసి, మళ్ళీ గట్టెక్కి వెళ్ళిపోయాడు. "చాయ తాగిపో చిన్నోడా," అని నానమ్మ పిలిచింది. వినబడనట్టే పోయాడు. పరదా మాత్రం వదిలేశాడు.

మీరొక కౌగిలింత కోసం ఎదురు చూసి ఉంటే, లేదు. జరగలేదు.

కూడిక వేళకి కరెంటు లేదు. పంచలో చాపలు వేశారు, ఫోన్ల లైట్లు గోడకి ఆనించారు. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు, పిల్లలు మధ్యలో. మట్టి వాసన, మిర్చి ఘాటు, శనగల ఆవిరి అన్నీ కలిసిన గాలి. అయ్యగారు ఎనిమిదికి వచ్చారు, ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. వందనాలు, వందనాలు అంటూ అందరూ లేచారు. పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో రాసిన పాట. ఆయన కట్టిన వరస ఏదైనా ఈ వాడ దానికి తన డోలక్కు కలిపేసుకుంది. పుస్తకం ఎవరూ తెరవలేదు.

మనవరాలు లేచి లూకా పదమూడో అధ్యాయం తీసింది. మన తెలుగు బైబిలు వాక్యాలు పొడుగ్గా, పాతకాలపు క్రియలతో ఉంటాయి. పిల్ల రెండు చోట్ల తడబడింది. చీకట్లోంచి నానమ్మ గొంతు ఆ మాట అందించింది, పిల్ల అందుకుని సాగిపోయింది. కథ మీకు తెలిసే ఉంటుంది. ద్రాక్షతోటలో ఒక అంజూరపు చెట్టు. మూడేళ్ళుగా కాయ లేదు. నరికెయ్యమన్నాడు యజమాని. ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, అప్పటికీ కాయకపోతే మీ ఇష్టం అన్నాడు తోటమాలి.

అయ్యగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. కుర్రవాడు, మంచి గొంతు. వచ్చేటప్పుడు కల్లం చూసినట్టున్నారు. కాయని చెట్టు నుంచి మిర్చి మీదికి వచ్చారు. "మీరు తాలు ఏరినట్టే దేవుడు కూడా ఏరుతున్నాడు. మనలో తాలు ఎవరు? చివరి దినాన తాలుని పారేసి, కాల్చేస్తాడు…"

"అయ్యగారూ," అంది నానమ్మ. కూడికలో మధ్యలో మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు. అయినా అంది. "తాలు కాల్చరయ్యా. అమ్ముతరు."

ఫోన్ల వెలుతురులో పళ్ళు మెరిశాయి. అయ్యగారు ఆగారు.

"దానికీ రేటుంటది. తక్కువ రేటే, సగం కూడ రాదు. గోతం వేరే కట్టాలె. గంతే. పారేసేటిది అయితే నేను నడుం పోయేదాక కూసోని ఎందుకు ఏరుత?"

అయ్యగారు నవ్వేశారు. "నేను రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినోణ్ణి అమ్మా. నాకు తెల్వదు. మీరే చెప్పండి," అన్నారు. ఆ మాట అనగలిగిన అయ్యగారంటే నాకు గౌరవం. కారమెరిగిన జనం ముందు కారం గురించి తప్పు చెప్పి దబాయించేవాళ్ళూ ఉన్నారు.

యేసు చెప్పిన కథలు ఒకసారి గుర్తు చేసుకోండి. పిండిలో పుల్లని పిండి కలిపే ఇల్లాలు. పోయిన నాణెం కోసం దీపం పెట్టి ఇల్లు ఊడ్చే మనిషి. అర్ధరాత్రి రొట్టెల కోసం తలుపు తట్టే స్నేహితుడు, లోపల పిల్లలు పడుకున్నారు లేవలేనని విసుక్కునే ఇంటాయన. పాత బట్టకు వేసే మాసిక. వడ్రంగి పని చేసుకునే ఇంట్లో పెరిగినవాడికి తెలిసే సంగతులు ఇవన్నీ. విన్నవాళ్ళు కూడా రైతులు, జాలర్లు, రొట్టెలు కాల్చేవాళ్ళు. ఎరువు గురించో పుల్లని పిండి గురించో తప్పు చెబితే అక్కడికక్కడే దొరికిపోయేవాడు. ఆయన్ని అనుకరిస్తూ ఇంటి సంగతుల్లోంచి పాఠాలు తీసేవాళ్ళకి ముందు ఆ ఇంటి పని తెలియాలి. లేకపోతే తాలు కాల్చేస్తారు.

నానమ్మ చెప్పింది చాలా కొంచెం. "మూడేండ్ల సంది కాయ లేదన్నడు. మరి మూడేండ్ల సంది ఎరువేసినోడు ఎవడు? ఎవ్వడు ఎయ్యలే. అందుకే నాలుగో ఏడు ఏస్తా అంటున్నడు మాలి. ఎరువెయ్యక ముందే చెట్టుది తప్పంటే ఎట్ల?"

ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన చాప అంచు పీకుతున్నాడు. గట్టు అవతలి ఇంట్లో దీపం కనబడుతోంది. ఆ ఇంటికి ఇక్కడి పాటా మాటా అన్నీ వినబడేంత దగ్గర.

ఆ కథలో ఇంకొకటి నాకెప్పుడూ వింతగా ఉంటుంది. మరుసటి ఏడు చెట్టు కాసిందో లేదో యేసు చెప్పలేదు. తోటమాలి బతిమాలడంతోనే ఆపేశాడు. మన ప్రసంగాల్లో మాత్రం చెట్టు ప్రతిసారీ కాస్తుంది.

తర్వాత ప్రార్థన. నానమ్మ వంతు. ఆమె ప్రార్థన గురించి వాడంతా చెప్పుకుంటారు. దేవుడికి చెబుతున్నట్టే ఉంటుంది, వినాల్సిన మనిషి మాత్రం పక్కనే కూర్చుని ఉంటాడు. వానకి స్తోత్రం చెప్పింది. వాన ఆగినందుకూ స్తోత్రం చెప్పింది. ఇద్దరు కొడుకుల్నీ పేరుపేరునా దీవించమంది. "మోటరు సంగతి నీకు తెల్వంది కాదు తండ్రీ," అని ఒక్క క్షణం ఆగి, "ఆమెన్" అంది. అయ్యగారి భుజాలు నవ్వుతో కదలడం మీరూ చూశారు.

గుడాలు పంచారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టినవి, ఆకు దొన్నెల్లో. వాక్యం చెప్పేటప్పుడు ముడుచుకున్న మొహాలు ఇప్పుడు విచ్చుకున్నాయి. నల్ల తామర ఏడాది ఎవరు ఎంత మునిగిపోయిందీ, ఈసారి ఖమ్మంలో ధర ఎలా ఉందీ, ఎవరి పిల్లకి నర్సింగులో సీటొచ్చిందీ. ఒకామె మెల్లగా చెప్పింది: చిన్నాయన మొన్న పంట అమ్మిన డబ్బు మొత్తం వడ్డీకే పోయిందట, ఇంటికి గోతం తాళ్ళు మాత్రమే తెచ్చాడట. పెద్దాయన నమలడం ఆపాడు. ఆయనకిది తెలియదు. పక్కింటి సంగతి ఊరంతా తిరిగి ఈ పంచలోకి వచ్చింది.

కోడలు ఒక గిన్నె నిండా గుడాలు పోసి మనవరాలి చేతిలో పెట్టింది. ఎవరు చెప్పారో మీకు వినబడలేదు. పిల్ల గట్టు దాటి వెళ్ళి, కాసేపటికి అదే గిన్నెతో వచ్చింది. అందులో నాలుగు మునక్కాయలు విరిచి పెట్టి ఉన్నాయి. వట్టి గిన్నె తిప్పి పంపే అలవాటు ఈ ఇళ్ళలో లేదు. పెద్దాయన గిన్నె వైపు చూశాడు.

"రేపు పప్పులో వెయ్యి," అన్నాడు భార్యతో.

వైండింగు డబ్బుల లెక్క తేలలేదు. ఇంకా తేలదు కూడా, ఇప్పట్లో. నీలం పరదా ఈ కల్లంలోనే ఉంది. కాయ గోతాలకెక్కేదాకా ఉంటుంది. తర్వాత దాన్ని ఎవరు మడతపెట్టి ఎవరింటికి తీసుకెళ్తారో వాళ్ళే తేల్చుకోవాలి.

మీ దగ్గర్లో ఏ వాడలోనైనా లెంటు కూడిక జరుగుతుంటే, మీరే మతం వాళ్ళైనా సరే, పిలవకపోయినా వెళ్ళండి. చాప చూపిస్తారు. ప్రసంగం పొడుగైతే ఓపిక పట్టండి. కానీ ఆమెన్ అనగానే లేచి రాకండి. గుడాలు తినేదాకా కూర్చోండి. అసలు సంగతులు అప్పుడే చెప్పుకుంటారు.